ఫ్రిజ్‌లో పెట్టిన వంతు

జాగోర్కాకు ఆసుపత్రిలో స్నేహితులు లేరు. ఉండాలని ఆమె ఎప్పుడూ కోరుకోనూ లేదు. తిమోక్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి ఆసుపత్రిలో ఎముకల వార్డుకు ఆమె హెడ్ నర్సు. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, నర్సులు కాఫీ కప్పులు కిటికీ పరదా వెనక్కి తోసేవారు. నొప్పి నొప్పి అని మూలిగే రోగులు కాసేపు మూలగడం మానేసేవారు. డాక్టర్లయినా ఆమెతో ఏదైనా చెప్పాలంటే ముందు గొంతు సవరించుకునేవారు. పైకి అలా కనిపిస్తుంది గాని మనసు మంచిదని చెప్పేవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉండేవారు. వాళ్ళలో ఎవరూ ఆమె చేతికింద పనిచేసినవాళ్ళు కారు.

ఇంట్లో ఆమెకు సరిజోడు అత్తగారు స్తమేనా. జాగోర్కా భర్త మిలున్ చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. ఇక కోడలు మూటాముల్లె సర్దుకుంటుందని ఊరంతా ఎదురుచూసింది. ఆమె కదల్లేదు. పొమ్మని అత్తా అనలేదు. ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి ముందు, ఇద్దరూ ఏళ్ళ తరబడి కత్తులు నూరుకుంటూ బతికారు. చారులో ఉప్పెక్కువైందని ముసలమ్మ అంటే, నచ్చకపోతే కుక్కకు పొయ్యమని కోడలు అనేది. స్తమేనా కోడల్ని ఒక్కనాడూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఏమే సూదులదానా" అనేది. ఒక మంచి మాట కూడా ఆ నోట రాలేదు. కానీ కోడలు డ్యూటీ నుంచి వచ్చేదాకా ముద్ద మాత్రం ముట్టేది కాదు. ఎందుకని అడిగితే ఆకలి లేదనేది.

ఆ వసంతంలో బెల్‌గ్రేడ్ నుంచి నెవేనా అనే డాక్టర్ ఆ ఆసుపత్రికి వచ్చింది. రోగుల్ని చూసే డాక్టర్ కాదు. ఆసుపత్రుల్ని చూసే డాక్టర్. ఆమె వెతుకుతున్నది కొత్త మందూ కాదు, కొత్త జబ్బూ కాదు. అవసరం తీరిపోయాక కూడా మూత్రం గొట్టం ఒంట్లో ఉంచేస్తే చీము పట్టి జ్వరం వస్తుందనీ, ముసలివాళ్ళు ఆ జ్వరంలోనే దాటిపోతారనీ వైద్యం చదివిన ప్రతివాళ్ళకీ ఎప్పటినుంచో తెలుసు. నర్సులు చదివే పుస్తకంలో ఉంది. వరండా గోడకు బొమ్మ కూడా ఉంది. అయినా ఏ వార్డుకెళ్ళి చూసినా ప్రతి మంచానికీ ఆ గొట్టం చివరి పసుపు సంచి వేలాడుతూనే ఉంటుంది. తెలిసిన మంచి పని రోజువారీ పనిలోకి ఎందుకు దిగిరాదు, దింపాలంటే ఏం చెయ్యాలి? నెవేనా పరిశోధన ఇదీ.

అందరికీ తెలిసిన సంగతి మీద కూడా పరిశోధన చేసి జీతం తీసుకోవచ్చని తనకు ముందే తెలిస్తే ఇన్నేళ్ళు మంచాల చుట్టూ తిరిగేదాన్ని కాదని జాగోర్కా అందరి ముందూ అంది. నెవేనా నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. జాగోర్కాకు ఒళ్ళు మండింది ఆ రెండో దానికే.

నెవేనా ఒక్కొక్క హెడ్ నర్సునూ గదిలోకి పిలిచి విడిగా మాట్లాడింది. ఒకటే ప్రశ్న. గొట్టాలు వేళకు తియ్యడానికి మీకు ఏది అడ్డొస్తోంది?

"నువ్వే," అంది జాగోర్కా.

నెవేనా ఆ మాట రాసుకుంది. నిజంగానే రాసుకుంది. అది చూసి జాగోర్కాకు ఇంకా మండి, ఉన్నదున్నట్టు కక్కేసింది.

"రాత్రి పూట వార్డు మొత్తానికీ ఇద్దరం ఉంటాం. ఒకత్తి మందులు పంచుతా ఉంటది, రెండోది గాయాలు చూస్తా ఉంటది. గొట్టం పీకేస్తే ప్రతి ముసలమ్మ కిందా బేసిన్ ఎవరు పెడతారమ్మా? తుంటి విరిగినదాన్ని ఒక్కత్తి ఎట్టా లేపుద్ది? నువ్వొస్తావా బెల్‌గ్రేడ్ నుంచి?"

అది న్యాయమైన మాట అనీ, తను వచ్చింది అది వినడానికేననీ నెవేనా చెప్పింది. తర్వాత నెమ్మదిగా, డాక్టర్ రాసిస్తే తప్ప నర్సు గొట్టం ముట్టుకోకూడదన్న నియమం ఎముకల వార్డులో ఎవరు పెట్టారని అడిగింది. నేనే పెట్టానని జాగోర్కా గర్వంగానే చెప్పింది. ఇంతకుముందు ఎవరికి తోచినట్టు వాళ్ళు చేస్తుంటే వార్డు సంతలా ఉండేదనీ, దాన్ని ఒక దారికి తెచ్చింది తనేననీ అంది. అది అబద్ధం కాదు.

నెవేనా పద్ధతి ఇది. ఆసుపత్రిలో ఐదు వార్డులు. మొదట అన్నీ పాత పద్ధతిలోనే ఉంటాయి. రెండేసి నెలలకు ఒక వార్డు చొప్పున కొత్త పద్ధతిలోకి మారుతుంది. మారాక రోజూ పొద్దున నర్సు ప్రతి మంచం దగ్గరా నిలబడి, ఈ గొట్టం ఇంకా ఎందుకుందని అడగాలి. జవాబు లేకపోతే డాక్టర్ కోసం చూడకుండా తనే తీసెయ్యాలి. మారిన వార్డులో జ్వరాలు ఎన్ని, ఇంకా వంతు రాని వార్డుల్లో ఎన్ని, అదే వార్డులో మారకముందు ఎన్ని, అన్నీ పోల్చి చూస్తారు. ఏ వార్డు వంతు ఎప్పుడన్నది ఎవరి ఇష్టమూ కాదు. చీటీ తియ్యాలి.

ఇక్కడే ఆ పెద్ద చదువులావిడ బోల్తా పడింది. కంప్యూటర్‌తో చీటీ తీయిస్తానంటే ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోలేదు. కంప్యూటర్ తీసిన చీటీ అంటే డైరెక్టర్ బావమరిది తీసిన చీటీ అని అక్కడ లెక్క. సరే, అందరి కళ్ళెదుటా తీద్దామని నెవేనా భోజనాల హాల్లో ఏర్పాటు చేసింది. పిల్లల చాక్లెట్లలో బొమ్మలు పెట్టి ఇస్తారే, ఆ ప్లాస్టిక్ గుడ్లు ఐదు తెచ్చి, ముందురోజే హెడ్ నర్సులకు తలొకటి ఇచ్చింది. ఎవరి వార్డు పేరు వాళ్ళే చేత్తో రాసి లోపల పెట్టుకుంటే ఇక ఎవరికీ అనుమానం ఉండదని ఆమె ఆలోచన.

ఫుట్‌బాల్ పోటీల్లో ఏ జట్టుకు ఏ జట్టు తగలాలో గిన్నెలోంచి బంతులు తీసి చెబుతారు. తీసేవాడు చల్లదనంతో గుర్తుపట్టేలా అందులో కొన్ని బంతుల్ని ముందే ఐసులో పెట్టి ఉంచుతారని ఆ దేశంలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. నిజమో కాదో దేవుడికెరుక. తెలియడం మాత్రం అందరికీ తెలుసు. జాగోర్కా తన గుడ్డును మందుల ఫ్రిజ్‌లో పైఅరలో, ఐసు గడ్డల మధ్య పెట్టింది. చీటీలు తియ్యాల్సింది గేటు దగ్గర కూర్చునే ముసలి లుబిషా. అతనికి స్తమేనా చేత్తో కాచిన రేగుపండ్ల సారా ఒక సీసా ముట్టింది. చేతికి చల్లగా తగిలినదాన్ని ఆఖరికి వదిలెయ్యమని మాత్రమే జాగోర్కా అతనికి చెప్పింది.

ఆఖరి వంతే ఎందుకంటే, ఇలాంటి పరిశోధనల్ని ఆమె ఇంతకుముందు చాలానే చూసింది. ఆర్భాటంగా మొదలవుతాయి. సగం దారిలో డబ్బైపోతుంది, వచ్చినవాళ్ళు పెట్టె సర్దుకుంటారు, గోడ మీద కాగితం మాత్రం మిగులుతుంది. ఆఖరి వంతు అంటే ఎప్పటికీ రాని వంతు.

ఐదు గుడ్లూ వేసిన గిన్నెలో లుబిషా చెయ్యి పెట్టి అటూ ఇటూ కెలికి, ఒకసారి వేళ్ళు ఊదుకుని మరీ తీశాడు. మొదట సర్జరీ వార్డు వచ్చింది. తర్వాత స్త్రీల వార్డు, నరాల వార్డు, జనరల్ వార్డు. చివర ఎముకల వార్డు. సర్జరీ వార్డు హెడ్ నర్సు దెసాంకా లేచి వచ్చి, ఆఖరి గుడ్డును అరచేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకుంది.

"పాపం, నీ గుడ్డుకు జలుబు చేసినట్టుందే," అంది.

దెసాంకా ఎవరో కాదు. జాగోర్కా పెళ్ళికి సాక్షిగా నిలబడిన మనిషి, అంటే కూమా. ఆ దేశంలో కూమా అంటే తోడబుట్టినదాని కన్నా ఎక్కువ. అలాంటి మనిషి, సర్జరీ వార్డు హెడ్ నర్సు ఉద్యోగం ఖాళీ అయినప్పుడు జాగోర్కాకు తెలియకుండా డైరెక్టర్ ఇంటికి వెళ్ళి ఆ ఉద్యోగం కొట్టేసింది. ఆ ఏడాది నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. అయినా దెసాంకా పండక్కీ పబ్బానికీ స్తమేనాను చూడడానికి వస్తూనే ఉండేది. ఆమె ముందు తలుపులోంచి వస్తే జాగోర్కా వెనక తలుపులోంచి పెరట్లోకి పోయేది. ముసలమ్మకు దెసాంకా అంటే ప్రాణం. కోడల్ని ఏడిపించడానికి ఆ ప్రాణం ఇంకాస్త ఎక్కువయ్యేది.

మొదటి వారాల్లో సర్జరీ వార్డు నర్సులు నెవేనాను బండబూతులు తిట్టారు. నెవేనా మాత్రం వాళ్ళ వెనకాలే తిరిగింది. ఎక్కడ పని ఆగిపోతోందో, ఎవరు ఎందుకు మర్చిపోతున్నారో చూసింది. బేసిన్లు సరిపోవడం లేదని కంటితో చూశాక డైరెక్టర్‌తో పోట్లాడి మంచం దగ్గరికే తోసుకొచ్చే చక్రాల దొడ్డి కుర్చీలు తెప్పించింది. పొద్దున అడగాల్సిన ప్రశ్నను డ్యూటీ మారే వేళకు మార్చింది, అప్పుడయితే వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ కలిసి చేతులు ఎక్కువుంటాయని. ఎండాకాలం ముగిసేసరికి ఆ వార్డులో జ్వరాలు సగానికి సగం పడిపోయాయి. బాయిలర్ గది వెనక సిగరెట్ తాగే చోట దెసాంకా ఆ సంగతి గాల్లోకి చెప్పినట్టు, జాగోర్కాకు వినపడేలా చెప్పింది. జ్వరాలు తగ్గలేదు, థర్మామీటర్లు పోయుంటాయని జాగోర్కా కూడా గాల్లోకే చెప్పింది.

ఆ రోజుల్లోనే ఎముకల వార్డులో యెలీత్సా అనే కొత్త నర్సు, సర్జరీ వార్డులో చూసి వచ్చి, ఒక ముసలాయన గొట్టం తనంతట తానే తీసేసింది. జాగోర్కా ఆ పిల్లను రోగులందరి ముందూ నిలబెట్టి కడిగేసింది. ఈ వార్డులో డాక్టర్ రాయకుండా ఎవరి చెయ్యి ఆ గొట్టం మీద పడినా ఆ చెయ్యి మళ్ళీ జీతం కాగితం మీద సంతకం పెట్టదని అంది. యెలీత్సా ఏడవలేదు. తలెత్తి ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది. మిగతా నర్సులకు ఆ చూపు నచ్చింది. ఆ రోజు నుంచి వాళ్ళంతా ఆ పిల్ల వైపే. జాగోర్కాకు అది తెలుసు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జాగోర్కా తెలివితక్కువ మనిషి కాదు. సర్జరీ వార్డు లెక్కలు నిజమేనని ఆమెకు తెలుసు. ఆ లెక్కలు రాకముందు కూడా తెలుసు. చదువుకున్న రోజుల్లో ఆ పాఠం మీద పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్న మనిషి. తెలియడానికీ చెయ్యడానికీ మధ్య ఏముంటుందో నెవేనా ఆ ఊరికి వెతకడానికి వచ్చింది. అది జాగోర్కా మొహం మీదే రాసి ఉంది, పంతం అని. కాకపోతే నెవేనా దగ్గరున్న పట్టికలో ఆ పేరుతో గడి లేదు.

చలికాలానికి మిరపకాయల పచ్చడి పెట్టే రోజులొచ్చాయి. ప్రతి ఇంటి పెరట్లోనూ రేకు పొయ్యిల మీద పెద్ద ఎర్ర మిరపకాయలు కాలుస్తున్నారు. స్తమేనా తొక్కలు వలిచిన మిరపకాయల తట్ట ఎత్తబోయి, తడి నేల మీద కాలు జారి పడింది. తుంటి విరిగింది. అంబులెన్సులో కూడా ఆమె నోరు ఊరుకోలేదు. పచ్చడి మాడిపోతుంది, పొయ్యి ఆర్పమని ఆ సూదులదానికి చెప్పండని అరుస్తూనే ఉంది.

ఆ ఊళ్ళో తుంటి విరిగితే పోవాల్సింది ఒక్కచోటికే. ఆమెను ఎముకల వార్డులో, కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. ఆపరేషన్ చక్కగా జరిగింది. డాక్టర్ బోగ్దాన్ చెయ్యి మంచిది, ఆ మాట ఆయన శత్రువులు కూడా ఒప్పుకుంటారు. మర్నాడు పొద్దున స్తమేనాకు పూర్తిగా తెలివొచ్చింది. దాంతోపాటే నోరూ వచ్చింది.

"ఏమే సూదులదానా, ఈ పైపేందే నాకు? కుక్కకు గొలుసేసినట్టు ఏసినారు. పీకెయ్."

"డాక్టర్ చెప్పాలి."

"డాక్టరెవుడే? ఇక్కడ డాక్టర్లంతా నిన్ను చూసి ఉచ్చ పోసుకుంటారంటగా. నువ్వు పీకెయ్, నేను దొడ్లో కూకుంటా."

"నోర్మూసుకుని పడుకో ముసలీ."

డాక్టర్ బోగ్దాన్ వచ్చి తుంటి చూశాడు, కాలు కదిలించి చూశాడు, బాగుందన్నాడు. మంచం కింద వేలాడుతున్న సంచి వైపు ఆయన కళ్ళు పోలేదు. ఎప్పుడూ పోవు. ఆ మాట గుర్తు చెయ్యాల్సింది జాగోర్కా. నోటిదాకా వచ్చింది. అంతలో పక్కనే మందుల బండి పట్టుకుని నిలబడ్డ యెలీత్సా కనిపించింది. అదే చూపు. ఊరందరి తల్లులకూ ఉన్న నియమం తన అత్తకు లేదా అని ఆ చూపు అడుగుతున్నట్టు అనిపించింది. జాగోర్కా ఏమీ అనలేదు. డాక్టర్ వెళ్ళిపోయాడు. ఆయన ఇంట్లో కులదేవత పండగలాంటి స్లావా మర్నాటి నుంచి. మూడు రోజులు చుట్టాలు, పందిమాంసం, పాటలు. ఆయన ఇక ఆసుపత్రి మొహం చూడడు.

ఆ మధ్యాహ్నం వరండాలో నెవేనా ఎదురైంది. అడగకూడదనుకుంటూనే జాగోర్కా అడిగేసింది. తన వార్డు వంతు చలికాలం వరకూ లేదు కదా, ఈలోగా ఒక్క రోగికి కొత్త పద్ధతి చేస్తే పరిశోధన పాడవుతుందా అని. అవునని నెవేనా అంటే తన పని సులువవుతుందని ఆమె ఆశ.

"వంతు వార్డుది సిస్టర్. మనిషిది కాదు," అంది నెవేనా. "మీ అత్తగారికి మంచి చెయ్యొద్దని నేనెందుకంటాను? ఇప్పుడే వెళ్ళి తీసెయ్యండి."

ఆ జవాబు జాగోర్కాకు అస్సలు నచ్చలేదు. నెపం వెయ్యడానికి ఎవరూ మిగల్లేదు. సరే, తీసేద్దామనే అనుకుని వార్డులోకి నడిచింది. కిటికీ పక్క మంచం దగ్గర దెసాంకా కూర్చుని ఉంది. ఒళ్ళో చెర్రీల తీపి ముద్ద ఉన్న గిన్నె. స్తమేనాకు చెంచాతో పెడుతోంది. జాగోర్కాను చూసి కూడా లేవలేదు. గిన్నె పక్కన పెట్టి, మంచం కిందికి వంగి సంచి చూసింది.

"ఇంకా ఉంచావా దీన్ని?" అంది. "నిన్ననేగా ఆపరేషనయింది. పొద్దున్నే పోవాల్సింది. ముసలిమనిషే, జ్వరమొస్తే తట్టుకుంటదా? ఉండు, నీకు చేతకాకపోతే నేనే తీస్తా."

ఆమె చెయ్యి దుప్పటి అంచు మీద పడింది.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా," అంది జాగోర్కా. "ఇది నా వార్డు. ఏది ఎప్పుడు తియ్యాలో నాకు తెలుసు. మా ఆయన ఉద్యోగం లాగేసుకున్నట్టు మా అత్తను కూడా లాక్కుపోదామని వచ్చావా?"

ఉద్యోగం ఆయనది కాదు, ఆమెదే. కోపంలో మాట తడబడింది. దెసాంకా నవ్వింది. నవ్వకుండా ఉండాల్సింది. కానీ నవ్వింది. వార్డులో ఉన్న నర్సులంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి చూస్తున్నారు.

"నువ్వు మారవే," అని దెసాంకా లేచి వెళ్ళిపోయింది.

"పోతన్నావా తల్లీ, మళ్ళీ రా," అని స్తమేనా వెనక నుంచి కేకేసి, కోడలి వైపు తిరిగింది. "అది చెప్పింది నిజమేనా ఏందే? నొప్పిగా ఉందే. పీకెయ్యరాదూ?"

"రేపు," అంది జాగోర్కా.

ఆ రేపు అన్న మాట వెనక ఏముందో ఆమెకు బాగా తెలుసు. ఇప్పుడు తీస్తే దెసాంకా చెప్పినందుకు తీసినట్టవుతుంది. యెలీత్సా ముందు తల దించినట్టవుతుంది. ఒక్క రోజు ఆగితే తనంతట తాను తీసినట్టుంటుంది. ఒక్క రోజే కదా. మర్నాడు పొద్దున వార్డుకు రాగానే సర్జరీ వార్డు నర్సు ఒకతె ఏదో పనిమీద వచ్చి అక్కడే తచ్చాడుతోంది. చూసి రమ్మని దెసాంకాయే పంపిందని జాగోర్కాకు అనుమానం. సాయంత్రం చూద్దామనుకుంది. సాయంత్రం కారు ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్ళు నలుగురొచ్చారు. ఆ మర్నాడు ఆదివారం. ఆమెకు సెలవు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని, మాడకుండా మిగిలిన మిరపకాయలు రుబ్బి సీసాల్లోకి ఎత్తింది. అత్త రాగానే రుచి బాగాలేదని తిడుతుందని తెలిసి, ఒక సీసాలో ఉప్పు కావాలనే ఎక్కువ వేసింది.

సోమవారం వార్డులో అడుగు పెడుతుండగానే యెలీత్సా ఎదురొచ్చింది. ఆ కళ్ళలో ఇప్పుడు ఆ పాత చూపు లేదు.

"అక్కా, తెల్లారుజాము నుంచి చలిజ్వరం," అంది. "మనిషి మాట తేడాగా ఉంది."

స్తమేనా మంచం మీద దుప్పటితో సహా వణుకుతోంది. బుగ్గలు ఎర్రగా కాలిపోతున్నాయి. సంచిలో నీరు చిక్కగా, గోధుమరంగులో ఉంది. జాగోర్కా ఎవర్నీ అడగలేదు. ఎవరూ రాసిస్తారని చూడలేదు. పరదా లాగేసి ఆ గొట్టం తన చేత్తోనే తీసింది. మందు ఎక్కించారు. స్లావా విందులోంచి డాక్టర్ బోగ్దాన్‌ను పిలిపించారు. చొక్కా మీద సారా మరకతో వచ్చి చూసి, చీము రక్తంలోకి పాకిందని, వయసు చూస్తే ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. ఆయన సంచి వైపు చూసింది ఆ రోజే మొదటిసారి. అప్పటికి అక్కడ సంచి లేదు.

దెసాంకా వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగింది. ఏదైనా అంటే బాగుండుననుకుంది జాగోర్కా. తిరిగి అనడానికి ఆమె దగ్గర చాలా ఉన్నాయి. దెసాంకా ఒక్క మాట కూడా అనకుండా చూసి వెళ్ళిపోయింది. ఆమె మీద జాగోర్కాకు అసహ్యం అంతకుముందు ఎప్పుడూ అంత పెరగలేదు.

మధ్యాహ్నానికి వణుకు తగ్గింది. స్తమేనా కళ్ళు తెరిచింది. జాగోర్కా వంగి, పెదాలు తడిగుడ్డతో తుడిచింది. ముసలమ్మ ఆమె మొహం కేసి కాసేపు చూసి, చిన్నగా నవ్వింది. ఇన్నేళ్ళలో ఆ నవ్వు జాగోర్కా ఎప్పుడూ చూడలేదు. అది పరాయివాళ్ళ కోసం దాచుకున్న నవ్వు.

"మీరు చాలా మంచోళ్ళు సిస్టర్," అంది స్తమేనా. "చల్లటి చేతులు."

"నేనే అత్తా. జాగోర్కాను."

"ఆ పేరుగల్లది మా ఇంట్లో ఉందమ్మా. నా కోడలు. ఈ ఆసుపత్రిలోనే పెద్ద నర్సు. మీకు తెలిసే ఉంటదే." ఊపిరి అందక ఆగింది. చెయ్యి దుప్పటి కింద దేన్నో వెతుక్కుంటోంది. "ఈ పైపు బాధ పెడతందమ్మా. ఎవరికి చెప్పినా తియ్యట్లా."

"తీసేశానత్తా. లేదిప్పుడు. చూడు, లేదు."

"మీకు తెలీదులే తల్లీ. ఉంది." స్తమేనా ఆమె చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించి, ఎవరికీ చెప్పని సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "మా కోడల్ని పిలవండి సిస్టర్. నోరు మంచిది కాదు గాని, దాని చేతిలో నాకు కీడు జరగదు. అదొక్కత్తి ఇక్కడుంటే ఈ పైపు ఎప్పుడో పీకి పారేసేది. దాన్ని రానియ్యట్లేదు వీళ్ళు. దానికి చెప్పండి, నేనిక్కడున్నానని."

జాగోర్కాకు తిట్లు కావాలి. సూదులదానా అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ నోరు అంటే చాలు. మంచం పట్టీ గట్టిగా పట్టుకుని, నన్ను చూడు ముసలీ అంది. వార్డంతా వినపడేలా అంది. స్తమేనా బెదిరిపోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కోప్పడకండి సిస్టర్," అంది మెల్లగా. "అడగనులే ఇంక. దాన్ని మాత్రం పిలవండి."

పిలుస్తానని చెప్పి జాగోర్కా పరదా అవతలికి వెళ్ళింది. వరండాలో కాసేపు నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చింది. స్తమేనా తల తలుపు వైపు తిప్పి ఉంది. వచ్చిన మనిషిని చూసి, కాదని కళ్ళు పక్కకు తప్పించుకుని, ఆమె వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసింది. ఆ తర్వాత రెండు రోజులు బతికింది. జాగోర్కా ఇంటికి పోకుండా ఆ మంచం పక్కనే కూర్చుంది. నీళ్ళు తాగించింది, దుప్పటి మార్చింది, బేసిన్ పెట్టింది. ప్రతిసారీ స్తమేనా ఆమెకు దండాలు పెట్టి, కోడలికి కబురు అందిందా అని అడిగి, మళ్ళీ తలుపు వంక తిరిగేది.